పిల్లల్ని పెట్టని పులికి గర్భసంచి జబ్బు: జూ జంతువుల్లో ముందే పట్టుకోవడం ఎలా, పట్టుకున్నాక ఏం చేయాలి

జూలో ఉన్న ఆడపులికి పిల్లల్ని కనడం వల్ల వచ్చే ముప్పు కంటే, కనకుండా ఏళ్ల తరబడి ఊరికే ఎదకొస్తూ ఉండటం వల్ల వచ్చే ముప్పే నా దృష్టిలో పెద్దది. పులే కాదు, సింహం, ఖడ్గమృగం, ఏనుగు, అన్నింటిదీ దాదాపు ఇదే కథ. జూలో కొత్తగా చేరిన పశువైద్యులు, వెటర్నరీ ఫైనల్ ఇయర్ పిల్లలు, ఏళ్లుగా జంతువుల్ని చూసుకుంటున్న కీపర్లు, ముగ్గురికీ పనికొచ్చేలా రాస్తున్నాను. మందుల డోసులు మాత్రం ఇందులో వెతకొద్దు. అవి జంతువు బరువు, కిడ్నీలు, ఆ రోజు పరిస్థితి చూసి అక్కడి డాక్టరే తేల్చాలి. ఎక్కువగా పులులు, సింహాల గురించే చెప్తాను, ఎందుకంటే మన జూల్లో ఈ సమస్య మొదట ఎదురయ్యేది వాటిలోనే.

అసలు ఎందుకొస్తాయి

అడవిలో ఆడపులి మూడు నాలుగేళ్లకు జతకడుతుంది, 105 రోజులు అటూ ఇటూగా మోస్తుంది, పిల్లలు దాదాపు రెండేళ్లు తల్లి వెంటే తిరుగుతాయి, అవి విడిపోయే వేళకి మళ్లీ ఎదకొస్తుంది. అంటే దాని వయసులో ఎక్కువ భాగం చూలుతోనో, పాలిస్తూనో, పిల్లల్ని సాకుతూనో గడిచిపోతుంది. జూలో అలా కాదు. చోటు లేదనో, జత కుదరలేదనో, పుట్టే పిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలియదనో మగదాన్ని పక్క గదిలో ఉంచుతాం. ఆడది మాత్రం సుమారు 25 రోజులకొకసారి ఎదకొస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ ఈస్ట్రోజెన్ పెరిగి గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అండం కూడా విడుదలైందంటే ఆ తర్వాత కొన్ని వారాలు ప్రొజెస్టెరాన్‌దే రాజ్యం. ఈ హార్మోన్ పని చూలును నిలబెట్టడం, కాబట్టి అది గర్భసంచి మూతిని బిగిస్తుంది, కండరాల కదలికను తగ్గిస్తుంది, గ్రంథుల్లో ద్రవం ఊరేలా చేస్తుంది, తెల్ల రక్తకణాల కాపలాను కాస్త సడలిస్తుంది. లోపల పిండం ఉంటే ఇవన్నీ దానికి మేలు చేస్తాయి, లేకపోతే అదే వెచ్చటి ద్రవంలో ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. ఇలా ఎద తర్వాత ఎద, ఏళ్ల తరబడి నడిస్తే లోపలి పొర సిస్టులతో (నీటి బుడగల్లాంటి తిత్తులతో) నిండిపోతుంది, ఆ మీద ఒకరోజు చీము పడుతుంది. చీము పట్టిన గర్భసంచినే పయోమెట్రా అంటాం.

సింహాల్లో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. పులిలో సాధారణంగా మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది. సింహంలో, చిరుతపులిలో మగతోడు లేకుండానే విడుదలయ్యే సందర్భాలు బాగానే ఉన్నాయి. మగది లేదు కదా, భయం లేదు అనుకుని ఊరుకునే ఆడసింహం లోపల ప్రొజెస్టెరాన్ ఏటా చాలాసార్లు పెరిగి తగ్గుతూ ఉండొచ్చు. తిరుపతి, విశాఖ జూల దగ్గరున్న రెస్క్యూ సెంటర్లలో సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులులు వయసు మీదపడే దాకా బతికాయి. వాటిని బ్రీడింగ్‌కి వాడరు, కాబట్టి ఇలాంటి చోట పనిచేసేవాళ్లకి ఈ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు.

ఇక్కడ చాలామంది పడే ఉచ్చు ఒకటుంది. పిల్లలు వద్దనుకుని మగపులికి వేసెక్టమీ చేయించి, ఆడదానితో కలిపి వదిలేస్తారు. చూడటానికి చక్కటి పరిష్కారం, జంట విడిపోదు, సందర్శకులకీ బాగుంటుంది. కానీ వేసెక్టమీ అయిన మగది కలవడం మానదు కదా, కలిసినప్పుడల్లా అండం విడుదలవుతుంది, చూలు లేకుండానే చూలు హార్మోన్లు వస్తాయి. ఈ ఉత్తుత్తి చూలు అసలు చూలులో మూడో వంతు నుంచి సగం దాకా నడుస్తుంది, అది తీరగానే మళ్లీ ఎద, మళ్లీ కలయిక, మళ్లీ ప్రొజెస్టెరాన్. పిల్లి జాతిలో పిల్లల్ని ఆపడానికి మగవాడికి వేసెక్టమీ ఒక్కటే చేసి ఆగిపోతే ఆడదానికి పయోమెట్రా దారి తెరిచినట్టే. మగదాని వృషణాలు పూర్తిగా తీయిస్తే ఈ గొడవ ఉండదు గానీ మగసింహానికైతే మెడ చుట్టూ ఉండే జూలు ఊడిపోతుంది, దానికి జూ వాళ్లు ఒప్పుకోరు.

ఖడ్గమృగాల కథ వేరు, ముగింపు ఒకటే. తెల్ల ఖడ్గమృగాల్లో చూలు లేకుండా ఏళ్లు గడిచిన ఆడవాటి గర్భసంచిలో సిస్టులు, కండర గడ్డలు చిన్న వయసులోనే మొదలై, ముసలితనం కంటే ముందే పిల్లల్ని కనే శక్తి పోతుందని బెర్లిన్‌లోని లైబ్నిట్స్ వన్యప్రాణి పరిశోధన సంస్థ వాళ్లు 2000ల మొదట్లోనే చూపించారు. మన ఒంటికొమ్ము ఖడ్గమృగంలోనూ జూల్లో పెరిగిన వయసు మళ్లిన ఆడవాటిలో యోనిలో, గర్భసంచి మూతి దగ్గర, గర్భసంచిలో ఈ గడ్డలు మామూలు విషయం. మనుషుల్లో ఫైబ్రాయిడ్లు అంటారే, అవే.

మొదటి పని: నోట్‌బుక్

అల్ట్రాసౌండ్ కంటే ముందు కావాల్సింది ఇరవై రూపాయల నోట్‌బుక్. ప్రతి ఆడజంతువుకి ఒకటి. అందులో కీపర్ రోజూ నాలుగే విషయాలు రాయాలి: ఎద లక్షణాలున్నాయా, ఎంత తిన్నది, నీళ్లు ఎంత తాగింది, తోక కింద ఏమైనా తడిగా కనిపించిందా. పెద్ద ఫారాలు ఇస్తే వారం తర్వాత ఎవరూ నింపరు, అన్ని గళ్లలోనూ నార్మల్ అని రాసి పడేస్తారు.

ఎద లక్షణాలు కీపర్లకి మనకంటే బాగా తెలుసు. ఆడపులి నేల మీద పొర్లడం, కమ్మీలకి చెంపలు రుద్దడం, ముక్కుతో బుసబుసమని పలకరింపు శబ్దం ఎక్కువ చేయడం, అరుపు పెరగడం, ముందుకాళ్లు వంచి నడుము ఎత్తి తోక పక్కకి జరపడం. ఆ రోజుల్లో తిండి కూడా తగ్గుతుంది. తేదీ వేసి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టమనండి. మగదానితో కలిసి ఉంటే, కలిసిన రోజులు కూడా.

ఇప్పుడు ఆ ఎర్ర గుర్తు నుంచి నాలుగు నుంచి ఎనిమిది వారాల కాలాన్ని పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి. పయోమెట్రా సాధారణంగా బయటపడే కిటికీ అదే, ఎందుకంటే ప్రొజెస్టెరాన్ పనంతా ఆ వారాల్లోనే. ఆ గీత లోపల జంతువు తిండి మానిందంటే పన్ను నొప్పేమో, ఎండ దెబ్బేమో అని తర్కించుకునే ముందు గర్భసంచిని అనుమానించాలి. మాంసాహార జంతువులకి వారంలో ఒకరోజు పస్తు పెట్టే అలవాటు ఉంటుంది కదా, ఆ పస్తు మర్నాడు కూడా మాంసం ముట్టకపోతే అది ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు. ఆకలితో ఉన్న పులి వదిలేయదు.

నీళ్లు కొలవడం కష్టం అంటారు. నైట్ షెల్టర్‌లో తొట్టికి పెయింట్‌తో గీతలు పెట్టండి, సాయంత్రం ఎక్కడిదాకా నింపారు, పొద్దున్న ఎక్కడుంది. ఇంత చాలు. చీము విషం కిడ్నీల మీద పనిచేస్తుంది కాబట్టి ఎక్కువ తాగడం, ఎక్కువ ఒంటేలు పోయడం తరచుగా తొలి సూచన. ముసలి పులుల్లో కిడ్నీ జబ్బు కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది, ఆ రెంటినీ విడదీయడం తర్వాతి పని.

రెండో పని: మలంలో హార్మోన్ చూడటం

పులి నుంచి వారం వారం రక్తం తీయలేం. అదృష్టవశాత్తూ ప్రొజెస్టెరాన్ విరిగి మలంలోకి వెళ్తుంది, దాన్ని ల్యాబ్‌లో కొలవొచ్చు. మత్తు అక్కర్లేదు, జంతువుకి తెలియను కూడా తెలియదు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది, అంతరించిపోతున్న జంతువుల కోసమే పెట్టినది. మలంలో హార్మోన్లు చూసి చూలు, ఎద తేల్చే పద్ధతుల మీద వాళ్లు చాలా పనిచేశారు. ఎవరితో చేయించుకున్నా శాంపిల్ సరిగా లేకపోతే రిపోర్టుకి విలువ లేదు, కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి.

వారానికి రెండు మూడు శాంపిళ్లు కావాలి, వీలైతే ఒకే వేళకి. పొద్దున్న షెల్టర్ కడిగే ముందు తీయాలి, నీళ్లు కొట్టాక తీస్తే పనికిరాదు. ఒంటేలు కలవని భాగం, ముద్ద మధ్యలో రెండు మూడు చోట్ల నుంచి కొంచెం కొంచెం, వెంట్రుకలు, ఎముక ముక్కలు ఏరేసి. ఒకే గదిలో రెండు ఆడపులులు ఉంటే ఎవరి మలం ఏదో తెలియదు, దానికి చాలా జూల్లో చేసే పని ఏంటంటే ఒకదాని మాంసంలో తినే రంగు కలపడం. జిప్ కవర్లో వేసి పేరు, తేదీ, వేళ పర్మనెంట్ మార్కర్‌తో రాసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకడితే ఆ విషయం కూడా కవరు మీద రాయండి, దాచొద్దు.

రిపోర్టులో ఒక్క అంకెని చూసి ఏమీ తేల్చుకోవద్దు, గీత ఎలా పోతోందో చూడాలి. మగతోడు లేని సింహంలో ప్రొజెస్టెరాన్ వారాల పాటు పైనే ఉంటే దానంతట అదే అండం విడుదలైందన్నమాట, ఆ జంతువుని ప్రమాద జాబితాలో పెట్టండి. కలిసిన పులిలో చూలా, ఉత్తుత్తి చూలా అని తేల్చడానికి ప్రొజెస్టెరాన్ ఒక్కటే సరిపోదు, మొదట్లో రెండూ ఒకేలా పెరుగుతాయి. ఉత్తుత్తిదైతే మధ్యలో పడిపోతుంది, నిజమైనదైతే చివరిదాకా ఉంటుంది. పిల్లి జాతుల్లో చూలు చివరి మూడో వంతులో ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ లాంటి పదార్థం విరిగి వచ్చే పదార్థం మలంలో పెరుగుతుంది, దాన్ని కొలిస్తే అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

అనుమానం వచ్చాక: ఎంత తొందర?

మూతి తెరుచుకుని ఉంటే చీము బయటికి కారుతుంది. జంతువు పదే పదే అక్కడ నాకుతుంది, పడుకున్న చోట గోధుమరంగు లేదా రక్తం కలిసిన మరక ఉంటుంది, కొన్నిసార్లు ఈగలు ముందు కనిపెడతాయి. పులి శుభ్రంగా నాకేసుకుంటుంది కాబట్టి కీపర్ కంట పడకపోవచ్చు, అందుకే పడుకునే చెక్క మీద తెల్ల గుడ్డ లాంటిదేదైనా వేసి చూడటం మంచి ఉపాయం. ఇది తెరుచుకున్న రకం, ప్రాణానికి ముప్పే గానీ ఒకటి రెండు రోజుల టైమ్ ఉంటుంది.

మూతి మూసుకుని ఉంటే బయటికి ఏమీ రాదు. తిండి మానేయడం, మూలన పడుకోవడం, వాంతి, పొట్ట కాస్త జారినట్టు ఉండటం, అంతే. ఇదే ప్రాణాంతకం, ఎందుకంటే గర్భసంచి పగిలిందా పొట్టంతా చీమే. ఇలాంటిదాన్ని సోమవారం చూద్దాం అని వాయిదా వేయకూడదు.

ఈమధ్యే పిల్లల్ని పెట్టిన తల్లికి కొన్ని రోజులు స్రావం ఉండటం మామూలే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. వాసన వస్తున్నా, తల్లి పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోయినా మాత్రం లోపల మాయ ముక్కో, చనిపోయిన పిల్లో మిగిలిందేమో చూడాలి.

మత్తు ఇచ్చి చూడటం

శిక్షణ పొందిన జంతువైతే సగం టెన్షన్ తగ్గుతుంది. మాంసం ముక్క ఆశ చూపి జాలీకి ఆనుకుని పక్కకి పడుకోవడం నేర్పితే, జాలీ సందులోంచి పొట్ట మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించొచ్చు, తోకని బయటికి తీసి రక్తం కూడా తీయొచ్చు. నెలలు పడుతుంది, రోజూ ఒకే కీపర్ చేయాలి, కానీ ఒకసారి అలవాటైతే ఆ జంతువుని జీవితాంతం మత్తు లేకుండా చూసుకోవచ్చు. బందీ జంతువుల ఆరోగ్యానికి పెట్టే ఏ ఖర్చు కన్నా ఇది మేలని నా నమ్మకం. స్క్వీజ్ కేజ్ (గోడ జరిపి జంతువుని కదలకుండా నొక్కి ఉంచే బోను) ఉన్నా, దానిలోకి భయపెట్టి తోసే బదులు రోజూ దానిలోంచే నడిచేలా అలవాటు చేయండి.

అవేవీ లేకపోతే డార్ట్ (దూరం నుంచి కొట్టే మత్తు సూది) తప్పదు. వేసవిలో తెల్లవారుజామున వేయండి, ఎండెక్కాక కాదు, మత్తులో పులి ఒళ్లు వేడెక్కిపోతుంది, ప్రతి పది నిమిషాలకి టెంపరేచర్ చూడాలి. మన దగ్గర జైలజిన్, కెటమిన్ కలిపి వాడటం ఎక్కువ. టైలెటమిన్, జోలాజెపామ్ కలిసిన మందు పులుల్లో కొన్నిటికి రోజుల తర్వాత కూడా తూలడం, వణుకు తెస్తుందని చాలామంది దాన్ని పులులకి దూరం పెడతారు. నీరసించి, కిడ్నీలు దెబ్బతిన్న జంతువుకి మామూలు లెక్కన మత్తు వేస్తే లేవకపోవచ్చు, కాబట్టి పడగానే ముందు సెలైన్ లైను పెట్టండి, తర్వాతే మిగతావి.

ఒకసారి మత్తు ఇచ్చాక చేయాల్సినవన్నీ అప్పుడే చేయాలి, మళ్లీ రేపు అనే వీలుండదు. ఎవరు ఏం చేయాలో ముందు రోజే కాగితం మీద రాసుకోండి. రక్తం మొదట. తర్వాత యోని లోపలి నుంచి శుభ్రమైన స్వాబ్ రెండు, ఒకటి కల్చర్‌కి (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూడటానికి), ఒకటి స్లైడ్ మీద పూసి కణాలు చూడటానికి. తర్వాత అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే. ఒకరు ఈలోగా పాలిండ్లన్నీ చేత్తో తడిమి గడ్డలున్నాయేమో చూడాలి, ఉంటే ఛాతీ ఎక్స్‌రే కూడా తీయాలి, పాలిండ్ల క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకుతుంది. మగదాన్ని ఇలా మత్తు ఇచ్చి చూస్తున్నట్టయితే వృషణాలు రెండూ దిగాయా, సైజు సమానంగా ఉందా, గట్టిగా గడ్డేమైనా తగులుతోందా అని చూసి, వీలైతే వీర్యం తీసి పరీక్షించాలి. మగవాటి గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పను.

అల్ట్రాసౌండ్‌లో మూత్రాశయాన్ని ముందు గుర్తుపట్టి, దాన్ని ఆనవాలుగా పెట్టుకుని గర్భసంచిని వెతకండి. ఆరోగ్యంగా ఉన్న, చూలు లేని పులి గర్భసంచి అసలు సరిగా కనపడదు, కనపడకపోవడమే మంచి వార్త. మూత్రాశయానికీ పెద్దపేగుకీ మధ్య నల్లటి గొట్టాలు వంకర్లు తిరిగి కనిపిస్తే లోపల ద్రవం ఉందన్నమాట. ఆ ద్రవంలో మంచుపొగలా చుక్కలు కదులుతుంటే చీము అనుమానం, శుభ్రంగా నల్లగా ఉంటే నీరో, జిగురో కావొచ్చు. గోడ మందంగా ఉండి దానిలోనే చిన్న చిన్న నల్ల గుండ్రాలు కనిపిస్తే సిస్టులు. పేగుని చూసి గర్భసంచి అనుకునేవాళ్లున్నారు, కాసేపు కదలకుండా చూస్తే పేగు ముడుచుకుంటూ కదులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది చూలు కాదని రూఢి చేసుకోవడం. నెల దాటిన చూలైతే పిండం, గుండె కొట్టుకోవడం కనిపిస్తాయి. నోట్‌బుక్‌లో కలయిక తేదీ ఉంటే ఇక్కడ అది ప్రాణం కాపాడుతుంది.

రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగి, లేత కణాలు కూడా కనిపిస్తే పయోమెట్రా వైపు మొగ్గుతుంది. తెల్లకణాలు మామూలుగా ఉన్నాయి కదా అని కొట్టిపారేయొద్దు, ఒళ్లంతా విషం పాకినప్పుడు తగ్గిపోతాయి కూడా. క్రియాటినిన్, యూరియా చూసి కిడ్నీల పరిస్థితి తెలుసుకోండి, ఒంటేలు చిక్కదనం కూడా. గర్భసంచి మామూలుగా ఉండి క్రియాటినిన్ ఎక్కువుంటే మీరు వెతుకుతున్న జబ్బు ఇది కాదు.

ఆపరేషనా, మందులా

నా సూటి జవాబు: ఆ జంతువు ఇక పిల్లల్ని కనాల్సిన అవసరం లేకపోతే ఆపరేషనే. రెస్క్యూ సింహం, వయసు మళ్లిన పులి, తన జన్యువులు పిల్లల ద్వారా ఇప్పటికే చాలినంత పాకిన జంతువు, వీటికి గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేయడమే పూర్తి వైద్యం. మూతి మూసుకున్న రకమైతే వయసుతో, స్టడ్‌బుక్‌లో (జూ జంతువుల వంశావళి పుస్తకంలో) విలువతో సంబంధం లేకుండా ఆపరేషన్. ప్రాణం పోయాక జన్యువుల విలువ గురించి మీటింగ్ పెట్టుకుని ఏం లాభం.

జూలో ఒక్కరే సర్జన్ ఉంటే మొహమాటపడకుండా వెటర్నరీ కాలేజీ సర్జరీ విభాగాన్ని పిలవండి. హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్, తిరుపతి వాళ్లకి అక్కడి వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊళ్లోనే ఉన్నాయి, రోజూ కుక్కలకి ఈ ఆపరేషన్ చేసే చేతులు అవి. ఆపరేషన్ తీరు కుక్కలో చేసేదే, సైజు పెద్దది. చీముతో ఉబ్బిన గర్భసంచి కొమ్ములు (దాని రెండు పాయలు) పల్చటి గోడలతో ఉంటాయి, చిన్న కోతలోంచి లాగితే చిరిగిపోతాయి, కోత పెద్దదే పెట్టి రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తాలి. అండాశయం ముక్క కూడా మిగలకుండా తీయాలి.

కుట్ల విషయంలో పులికి కుక్కలా మెడకి కాలర్ వేయలేం, కాబట్టి బయటికి దారం కనపడకుండా చర్మం కిందే కరిగే దారంతో కుట్టాలి. పది పద్నాలుగు రోజులు నైట్ షెల్టర్‌లో ఒంటరిగా, మట్టి, నీటి గుంట లేకుండా ఉంచాలి. పక్క గదిలో తెలిసిన జంతువు కనపడేలా ఉంటే నెమ్మదిగా ఉంటుంది. మందులు ఎముక లేని చికెన్ ముక్కలో దాచి పెట్టండి, మొదటి రెండు ముక్కలు ఖాళీవి ఇచ్చి మూడోది మందుది ఇస్తే అనుమానం రాదు. నొప్పి మందులు కిడ్నీ రిపోర్టు చూడకుండా ఇవ్వకూడదు. యాంటీబయాటిక్ కల్చర్ రిపోర్టు ప్రకారం మార్చాలి, ఎన్రోఫ్లాక్సాసిన్ ఎక్కువ మోతాదులో పిల్లి జాతి కంటి రెటీనాని దెబ్బతీస్తుందని గుర్తుంచుకోండి.

మందులతో ప్రయత్నించేది ఎప్పుడంటే, జంతువు చిన్న వయసుది, బ్రీడింగ్‌కి నిజంగా కావాలి, మూతి తెరుచుకుని ఉంది, కిడ్నీలు బాగున్నాయి, ఈ నాలుగూ ఉన్నప్పుడే. ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లతో గర్భసంచి ముడుచుకుని చీముని బయటికి తోస్తుంది, తోడుగా యాంటీబయాటిక్. మూతి మూసుకున్నప్పుడు ఇస్తే పగిలే ప్రమాదం. ఇచ్చిన అరగంటలో ఎగశ్వాస, చొల్లు, వాంతి, విరేచనం వస్తాయి, కీపర్‌కి ముందే చెప్పకపోతే పరుగెత్తుకొస్తాడు. ప్రొజెస్టెరాన్‌ని అడ్డుకునే అగ్లెప్రిస్టోన్ లాంటి మందు దొరికితే మూతి తెరవడానికి కూడా పనికొస్తుంది. వారం తర్వాత మళ్లీ స్కాన్ చేసి ఖాళీ అయిందో లేదో చూడాలి. అయ్యిందని మగదానికి దూరంగా పెడితే మళ్లీ రావడం ఖాయమనే అనుకోవాలి, తర్వాతి ఎదకే జతకట్టించాలి. అంత ఏర్పాటు లేనప్పుడు మందుల వైద్యం మొదలుపెట్టడం వృథా.

ఖడ్గమృగం, ఏనుగు

వీటికి కత్తి పెట్టడం చాలా అరుదైన విషయం, గర్భసంచి తీసేయడం దాదాపు లేనట్టే. కాబట్టి ఇక్కడ ముందే పట్టుకోవడం ఒక్కటే దారి. క్రష్‌లో (జంతువుని కదలకుండా నిలిపే ఇరుకు కటకటాల్లో) నిలబడటం నేర్పితే మలద్వారం గుండా ప్రోబ్ పెట్టి గర్భసంచి, అండాశయాలు రెండూ చూడొచ్చు, మత్తు లేకుండానే. ఏనుగులో యోని దారి మీటరుకి పైగా పొడవు కాబట్టి చేయి, ప్రోబ్ రెంటికీ పొడుగు కర్ర లాంటి సాధనం కావాలి. గడ్డ ఎక్కడుంది, ఎంత సైజు, మూతికి అడ్డమా అనేది ప్రతిసారీ కొలిచి రాయాలి. ఒకే చోట ఒకే కోణంలో కొలవకపోతే పెరిగిందో లేదో చెప్పలేం.

గడ్డలు హార్మోన్ మీద బతుకుతాయి. అండాశయాల పని ఆపితే పెరుగుదల ఆగుతుంది, తగ్గుతుంది కూడా. పందుల్లో వాడే ఇంప్రొవాక్ అనే టీకా మెదడు నుంచి వచ్చే సంకేత హార్మోన్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టిస్తుంది. మొదటి రెండు డోసులు నాలుగు వారాల తేడాతో ఇచ్చి, తర్వాత బూస్టర్లు వేస్తారు. తెల్ల ఖడ్గమృగాల్లో దీనితో గడ్డలు చిన్నవయ్యాయి. పిల్లలు కావాల్సిన జంతువుకి ఇవ్వాలంటే బాగా ఆలోచించాలి, అండాశయాలు తిరిగి ఎప్పుడు పనిచేస్తాయో గట్టిగా చెప్పలేం.

ఆలస్యమైతే ఏమవుతుందో చూడాలంటే మలేసియాలోని ఇమాన్‌ని చూడండి. 2014లో సబాలో పట్టుకున్న ఈ సుమత్రా ఖడ్గమృగం గర్భసంచి అప్పటికే గడ్డలతో ఉంది. 2017 చివర్లో గడ్డ చిట్లి రక్తం కారి తిండి మానేసింది, అప్పటికి కోలుకుంది గానీ 2019 నవంబరులో పోయింది, దాంతో ఆ దేశంలో ఆ జాతే లేకుండా పోయింది. దానికంటే ముందు 2011లో పట్టుకున్న పుంటుంగ్ అనే మరో ఆడదాని గర్భసంచి నిండా సిస్టులే. అడవిలో కూడా జత దొరక్క ఏళ్లు గడిచిన జంతువులు ఇవి. సుమత్రా ఖడ్గమృగంలో మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుందని సిన్సినాటి జూలో కనిపెట్టారు, అక్కడి ఎమి అనే ఆడది వరసగా చూలు పోగొట్టుకున్నాక ప్రొజెస్టెరాన్ లాంటి మందు తినిపిస్తూ 2001లో పిల్లని కనేలా చేశారు. మందు కన్నా ముందు అల్ట్రాసౌండ్‌తో అండాశయాన్ని రోజూ చూసి సరైన రోజున మగదాన్ని వదలడం అక్కడి అసలు రహస్యం.

కెన్యాలోని ఓల్ పెజెటాలో మిగిలిన రెండు ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు నాజిన్, ఫాతు. 2019లో ఇద్దరి నుంచీ అండాలు తీశారు. గర్భసంచిలో, మూతి దగ్గర గడ్డలు, అండాశయంలో సిస్టు కనపడ్డాక 2021లో నాజిన్‌ని ఆ పని నుంచి విరమింపజేశారు. ఫాతు గర్భసంచి కూడా మోయడానికి పనికిరాదు, కానీ అండాశయాలు పనిచేస్తున్నాయి. గర్భసంచి చెడిందంటే జంతువు జన్యువులు పోయినట్టు కాదన్నది దీన్నుంచి పట్టుకోవాల్సిన విషయం.

జింకలు, అడవిదున్నలు, కోతులు

వీటిలో కథ తిరగబడుతుంది, ఇక్కడ చూలుతోనే సమస్య. పిల్ల అడ్డం తిరగడం, మాయ పడకపోవడం, ఈసుకుపోవడం (నెలలు నిండకుండానే చూలు పోవడం). ఈసుకుపోయినవి ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా పరీక్ష చేయించండి, మనుషులకీ అంటుతుంది, చేతి తొడుగులు లేకుండా మాయని ముట్టుకోకండి, కీపర్లకి కూడా కచ్చితంగా చెప్పండి. సింగళీకం లాంటి నెలసరి వచ్చే కోతుల్లో గర్భసంచి పొర బయట పెరిగే జబ్బు ఉంటుంది, ఆడకోతి నెలకోసారి వంగి కూర్చుని తిండి మానేస్తే ఆ తేదీలు రాసి చూడండి, వరస కనిపిస్తుంది.

రాకుండా చూసుకోవడం

బ్రీడింగ్ చేయించే ఉద్దేశం ఉంటే తొందరగా చేయించండి. మూడు నాలుగేళ్ల వయసుకి ఒక ఈత, తర్వాత విరామం, మళ్లీ ఈత. పదేళ్లు ఆగి అప్పుడు జత కడితే ఎదురుచూసేది చూలు కాదు, సిస్టులే.

విరామంలో ఏం వాడాలన్నది అసలు ప్రశ్న. 1970ల నుంచి అమెరికా జూల్లో మెలెంజెస్ట్రాల్ అసిటేట్ ఇంప్లాంట్లు (ఒంట్లో పెట్టే, నెమ్మదిగా మందు వదిలే బిళ్లలు) వాడారు, అది ప్రొజెస్టెరాన్ తరహా మందు, పిల్లల్ని ఆపింది గానీ పులులు, సింహాల్లో గర్భసంచి సిస్టులు, పాలిండ్ల క్యాన్సర్ తెచ్చిపెట్టింది. మాంసాహార జంతువులకి ఆ తరహా మందు దీర్ఘకాలం వద్దనేది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న మాట. డెస్లోరెలిన్ ఇంప్లాంట్ మేలు, అండాశయాల్నే నిద్రపుచ్చుతుంది. అయితే పెట్టిన మొదటి రెండు వారాలు వ్యతిరేకంగా పనిచేసి ఎదకి తెస్తుంది, ఆ రోజుల్లో మగదాన్ని దూరంగా ఉంచాలి, కొందరు ఆ ఉప్పెన ఆపడానికి కొద్దిరోజులు నోటి మందు కూడా ఇస్తారు. ప్రభావం ఎప్పుడు పోతుందో ఒక్కో జంతువులో ఒక్కోలా ఉంటుంది. ఎప్పటికీ పిల్లలు వద్దనుకున్న రెస్క్యూ జంతువుకి ఈ లెక్కలేమీ వద్దు, ఆరోగ్యంగా ఉండగానే ఆపరేషన్ చేయించడం మేలు. చీము పట్టాక చేసే ఆపరేషన్‌కీ దీనికీ ప్రమాదంలో పోలికే లేదు.

ఎనిమిదేళ్లు దాటిన, పిల్లల్ని కనని ప్రతి ఆడ పెద్దపిల్లికీ ఏ కారణంగా మత్తు ఇచ్చినా, పంటి కోసమే అయినా, గర్భసంచి స్కాన్ చేయడం నియమంగా పెట్టుకోండి.

చనిపోయాక, లేదా ఆపరేషన్‌లో తీసిన తర్వాత

తీసిన అండాశయాలు చెత్తబుట్టలో వేయకండి. ఆపరేషన్‌కి ముందు రోజే లాకోన్స్ లాంటి ల్యాబ్‌కి ఫోన్ చేసి తీసుకుంటారేమో అడగండి, అక్కడ వన్యప్రాణుల జన్యువనరుల్ని దాచే బ్యాంకు ఉంది. అండాశయాలు శుభ్రమైన సెలైన్‌లో, నాలుగు డిగ్రీల చల్లదనంలో, ఐస్‌కి నేరుగా తగలకుండా అదే రోజు చేరాలి. ఫ్రీజర్‌లో పెట్టారంటే పాడయినట్టే.

పోస్ట్‌మార్టంలో గర్భసంచిని కోసే ముందు స్వాబ్ తీయాలి. తర్వాత యోని నుంచి అండాశయాల దాకా మొత్తం ఒకే ముక్కగా తీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, రెండు కొమ్ముల నుంచీ, మూతి నుంచీ, రెండు అండాశయాల నుంచీ విడివిడిగా ముక్కలు తీయాలి. ముక్క సెంటీమీటరు కంటే మందంగా ఉండకూడదు, పది శాతం ఫార్మలిన్ ముక్కకి పది రెట్లు ఉండాలి. జబ్బు లేదనిపించినా, పాముకాటుతో చనిపోయినా తీయాలి. రిపోర్టు వచ్చాక దాన్ని చనిపోయిన జంతువు ఫైల్లోనే కట్టి పెట్టకుండా, అదే షెల్టర్‌లో అదే పద్ధతిలో పెరుగుతున్న దాని అక్కచెల్లెళ్ల, కూతుళ్ల నోట్‌బుక్‌లలోకి కూడా ఎక్కించి, వాటి తర్వాతి స్కాన్ తేదీ ముందుకి జరపండి.